హోస్ పైపులో బలం నూలుదే

కంప్రెసర్ గది నుంచి లూమ్ షెడ్డు దాకా, బాయిలరు నుంచి డైయింగ్ సెక్షను దాకా నేలమీద పాములా పడివుండే హోస్ పైపును మనం లెక్కలోకి తీసుకోం. కాలికి అడ్డం వస్తే పక్కకు నెట్టి పని చూసుకుంటాం. అది పగిలిన రోజున మాత్రం ఆఫీసువారు రెండే మాటలతో ఫైలు మూసేస్తారు. ఒకటి, రబ్బరు పాతబడింది. రెండు, కార్మికుడు జాగ్రత్తగా లేడు. ఈ రెండు మాటలనూ మేము ఒప్పుకోము. ఒక పనికి డిజైన్ చేసిన పైపును ఇంకో పనికి తగిలిస్తే, లేదా దాని ఆయుస్సు తీరాక కూడా వాడిస్తే అది పగులుతుంది. ఆ నిర్ణయం చేసేది స్టోర్సూ, పర్చేజు డిపార్టుమెంటూ. కాలేది మన చెయ్యి.

దీన్ని గట్టిగా అడగాలంటే పైపు లోపల ఏముందో మనకు తెలియాలి. ఇంజనీర్లకే అర్థమయ్యే బ్రహ్మవిద్య కాదది. పాత హోసును అడ్డంగా కోసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. లోపలి రబ్బరు పొర గాలినో, నీళ్ళనో, నూనెనో బయటికి పోకుండా ఆపుతుంది. పై పొర ఎండ, రాపిడి తగలకుండా కాపాడుతుంది. ఒత్తిడిని మోసేది ఈ రెండూ కావు, మధ్యలో ఉన్న నూలు. ఒట్టి రబ్బరు గొట్టంలోకి గాలి ఎక్కిస్తే సైకిల్ ట్యూబులా ఉబ్బిపోతుంది. కాటన్, రేయాన్, పాలిస్టర్ నూలు అల్లికే దాన్ని పట్టి ఉంచుతుంది. అమెరికాలో ఆక్రాన్ ఊళ్ళో 1870లో మొదలైన గుడ్రిచ్ కంపెనీ మొదటి సరుకు ఏమిటనుకున్నారు? టైరు కాదు, నూలు గుడ్డ తొడిగిన ఫైరు హోసు. రబ్బరు కంపెనీ పేరు మోగింది, నూలు వడికినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఇది మనకు కొత్త కాదు.

ఆ అల్లికలోనే డిజైను అంతా ఉంది. మనవైపు జడకోలాటం చూడనివారు లేరు. సగంమంది ఇటు, సగంమంది అటు తిరుగుతూ తాళ్ళను స్తంభం చుట్టూ జడగా అల్లుతారు. హోసు అల్లే యంత్రంలో బాబిన్లు చేసేది సరిగ్గా అదే. నూలు పైపు పొడుగుకు ఎంత వాలుగా పడాలన్నదే అసలు ప్రశ్న. లోపలి ఒత్తిడి పైపును పొడుగునా లాగే బలం కంటే చుట్టూ చీల్చే బలం రెండు రెట్లు. ఆ లెక్క ప్రకారం నూలు 54 డిగ్రీల 44 నిమిషాల కోణంలో పడితే రెండు దిక్కులా సమంగా మోస్తుంది. పొడుగువైపు ఎక్కువ వాలితే ఒత్తిడి పెట్టగానే పైపు లావెక్కి పొట్టిదవుతుంది. అడ్డంగా ఎక్కువ చుడితే సన్నబడి సాగుతుంది. సాగినా కుదించుకున్నా జాయింటు దగ్గర లాగుడు పడుతుంది. పికింగులో ఒక్క పోగు తప్పితే గుడ్డ ఏమవుతుందో తెలిసిన మనకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

బూదికోట అనగానే చరిత్ర పుస్తకాలు హైదరలీ పుట్టిన ఊరు అంటాయి. ఆయన సైన్యం రాకెట్లకు ఇనుప గొట్టం తొడిగింది కూడా లోపలి ఒత్తిడిని తట్టుకోవడానికే. అది రాజుల సంగతి. హోసు పైపు విలువ తెలియాలంటే ఈ పక్కనే ఉన్న కెజిఎఫ్ గనుల వైపు చూడాలి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. అక్కడ తమిళ, తెలుగు కార్మికులు గాలితో నడిచే డ్రిల్లుతో రాయి తొలిచారు. డ్రిల్లుకు గాలి తెచ్చేది ఒక హోసు. తడి డ్రిల్లింగు అయితే దాని పక్కన నీళ్ళు తెచ్చే ఇంకో హోసు. గాలి హోసు పగిలితే పని ఆగుతుంది, కాబట్టి దాన్ని యాజమాన్యం వెంటనే మారుస్తుంది. నీళ్ళ హోసు పోయినా డ్రిల్లు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు రాతిపొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1940లలో ఆ గనుల్లో వేలమందిని పరీక్షిస్తే చాలా పెద్ద భాగానికి సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. గనులు 2001లో మూతబడ్డాయి. దగ్గు మాత్రం ఇళ్ళలో మిగిలింది. ఉత్పత్తిని కాపాడే హోసు ఒకటి, మనిషిని కాపాడే హోసు ఇంకొకటి. ముందు ఏది మారుస్తారో చూస్తే యాజమాన్యం మనసు తెలుస్తుంది.

మన మిల్లులకు వద్దాం. పర్చేజువారు హోసు కొనేటప్పుడు రెండే చూస్తారు: ఎన్ని అంగుళాలు, మీటరు ఎంత. డిజైన్ చేసినవాడు అడిగేవి వేరు. లోపల పారేది ఏమిటి? ఎంత వేడి? ఎంత ఒత్తిడి? కొస ఎలా బిగిస్తారు? 7 కిలోల ఒత్తిడి ఆవిరి అంటే దాదాపు 170 డిగ్రీల వేడి. ఆ వేడికి కాటన్ మాడుతుంది, పాలిస్టర్ ఆవిరిలో నాని నాని పొడవుతుంది. అందుకే ఆవిరి హోసులో ఉక్కు తీగ, వేడిని తట్టే ఇపిడిఎం రబ్బరు వాడతారు. అదే ఇపిడిఎంకు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నూనెకు నైట్రైల్ రబ్బరు కావాలి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో నూనె ఆవిరి ఉంటుందని అందరికీ తెలుసు, అయినా ఏది దొరికితే అది తగిలిస్తారు. గాలి హోసు పని ఒత్తిడికి సాధారణంగా నాలుగు రెట్ల దాకా పగలకూడదు, ఆవిరి హోసు పది రెట్ల దాకా. ఈ మిగులు బలం మన ప్రాణానికి పెట్టిన జామీను. నీళ్ళ హోసును ఆవిరికి తగిలించినవాడు ఆ జామీనును మన సంతకం లేకుండానే రద్దు చేస్తున్నాడు.

కొస సంగతి ఇంకా ఘోరం. అంగుళం హోసులో 7 కిలోల గాలి ఉంటే జాయింటును బయటికి తోసే బలం సుమారు 35 కిలోలు. అక్కడ క్లిప్పు బదులు కట్టుతీగ చుట్టి నడిపిస్తారు. అది ఊడితే పైపు కొరడాలా కొడుతుంది. రెండు కొసలనూ కలిపి పట్టే చిన్న ఉక్కు తాడు ఉంటే ఆ దెబ్బ తప్పుతుంది. దాని ఖరీదు బోనసు లెక్కలో కూడా కనబడదు. ఇక ఒంటిమీది దూది దులుపుకోవడానికి అదే గాలిని వాడే అలవాటు మనలోనే ఉంది, మానుకోవాలి. అమెరికాలో శుభ్రం చేసే గాలి 30 పౌండ్లు, అంటే సుమారు 2 కిలోలు దాటకూడదని నిబంధన ఉంది.

గార్మెంటు ఫ్యాక్టరీలకు మన ఆడవాళ్ళను తీసుకుపోయే వ్యాను చక్రాల దగ్గర కూడా ఒక హోసు ఉంటుంది. బ్రేకు హోసు. దానిలోనూ నూలు అల్లికే. అది కొంచెం ఉబ్బినా బ్రేకు మెత్తగా దిగిపోతుంది కాబట్టి ఎంత ఉబ్బవచ్చో కూడా ప్రమాణంలో రాసిపెట్టారు. చవగ్గా వస్తుందని దాని బదులు తోటపైపు తగిలిస్తే డ్రైవరు బండి ఎక్కడు. ఆ పాటి హక్కు మిల్లు కార్మికుడికి ఎందుకు ఉండకూడదు?

ఒత్తిడితో నడిచే యంత్రంలో సురక్షిత ఒత్తిడి దాటకుండా చూడాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షను చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి భద్రతా కోడు వచ్చింది. భద్రతా కమిటీ 500 మంది కార్మికులున్న ఫ్యాక్టరీకి, ప్రమాదకరమైన పని అయితే 250 మందికి అని దానిలో రాశారు. మరి 80 మందితో నడిచే ప్రాసెసింగు యూనిట్లలో, రీలింగు యూనిట్లలో ఆవిరి చల్లగా ఉంటుందా? అక్కడ యూనియనే కమిటీ కావాలి.

ప్రతి హోసుకూ నంబరు, తగిలించిన తేదీ, పని ఒత్తిడి రాసిన రిజిస్టరు పెట్టమని అడుగుదాం. గాలి హోసుమీద ఐఎస్ 446, నీళ్ళ హోసుమీద ఐఎస్ 444 అన్న గుర్తూ, తయారీ సంవత్సరమూ ఉన్నాయో లేదో షిఫ్టు మారేటప్పుడు మనమే చూద్దాం. పై పొర పగిలి నూలు బయటపడిన పైపును ఏ సెక్షనులో చూసినా వాల్వు కట్టేసి, తీయించి, కొత్తది వచ్చేదాకా ఆ యంత్రం నడపవద్దు. ఆ పూట ఉత్పత్తి తగ్గిందని జీతం కోస్తే, కోసిన ఆ పైపు ముక్కను పట్టుకుని యూనియన్ ఆఫీసుకు రండి.