వావరుకు మొక్కి వచ్చాక

2024 నవంబరులో రామ్‌చరణ్ అయ్యప్ప మాలలో ఉండగానే కడప అమీన్ పీర్ దర్గాకు వెళ్లారు. అక్కడి ముషాయిరాకు ఏ.ఆర్. రెహమాన్ రమ్మన్నారు, వస్తానన్న మాట నిలబెట్టుకోవడానికి వెళ్లారు. అంతే, మాల వేసుకున్నవాడు దర్గాలో ఎలా అడుగుపెడతాడని సోషల్ మీడియాలో కొందరు విరుచుకుపడ్డారు.

ఆ కోపం నన్ను బాధపెట్టింది. అది అయ్యప్ప దారి తెలియని కోపం. శబరిమల వెళ్లినవాళ్లకు ఎరుమేలి తెలుసు. స్వాములు ఒళ్లంతా రంగులు పూసుకుని, పేటతుళ్లి ఆడుతూ వావరు మసీదుకు వెళ్లి, ప్రదక్షిణం చేసి, అక్కడ కానుక వేసి కదులుతారు. వావరు ముసల్మాను, అయ్యప్పకు నేస్తం. కొండ మీద సన్నిధానంలోనూ వావరు నడ ఉంది. రాత్రి గుడి మూసే వేళ వినిపించే హరివరాసనం క్రైస్తవ కుటుంబంలో పుట్టిన యేసుదాసు గొంతు. ఆ బాణీ కట్టిన దేవరాజన్ నాస్తికుడు. 1975లో 'స్వామి అయ్యప్పన్' సినిమా కోసం కట్టారు. నాస్తికుడు కట్టి, క్రైస్తవుడు పాడిన సినిమా పాటతో స్వామి నిద్రకు ఉపక్రమిస్తుంటే, దర్గా గడప తొక్కితే మాల మైలపడుతుందని చెప్పడానికి మనమెవరం?

అయితే నా మొర ఆ తిట్టినవాళ్లతో కాదు. శ్రీనగర్ కాలనీలో, ఫిల్మ్‌నగర్‌లో, జూబ్లీహిల్స్‌లో ఉంటూ వాళ్లను తప్పుపట్టిన మనతోనే.

కార్తీకం వచ్చిందంటే మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో పడిపూజలు, అన్నదానాలు. అన్ని మతాల గుర్తులనూ ఒకే చిహ్నంలో పెట్టుకున్న సత్యసాయి భక్తుల నిగమాగమం ఉన్నదీ మన కాలనీలోనే. భక్తికి ఇక్కడ కొదవ లేదు. మరి అదే వీధిలో 'టు లెట్' బోర్డు చూసి, సినిమాల్లో బట్టలు కుట్టే ఒక ముస్లిం టైలరు భార్యాబిడ్డలతో వస్తే ఏం జరుగుతోంది? అద్దె కుదురుతుంది, అడ్వాన్సు కుదురుతుంది. పేరు చెప్పగానే, "అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చామండీ" అంటాం. బోర్డు మాత్రం మర్నాడూ అక్కడే వేలాడుతుంది. పేరును బట్టి కులం తెలియకపోతే, "ఇంతకీ మీరేవిట్లు?" అని కూపీ లాగుతాం. ఎరుమేలిలో వావరుకు కానుక వేసిన చేత్తోనే ఇక్కడ వావరు బంధువుకు తలుపు మూస్తున్నాం. ఇది తప్పు. మర్యాదగా చెప్పినా తప్పే.

ఇరుగుపొరుగుకు న్యాయం చేయని భక్తి ఎంత ఘనంగా చేసినా లోటే. ఈ మాట మన సినిమాకు ఎప్పుడో తెలుసు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. అస్పృశ్యతనూ దళితుల ఆలయ ప్రవేశాన్నీ తెర మీదికి తెచ్చిన సినిమా అది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది ఆ మరుసటేడు, 1939లో. అంటే చట్టం కంటే ముందే సినిమా ఆ గుడి తలుపు తట్టింది. ఆ సినిమా తీసిన సారథి ఫిలిమ్స్‌కు అండగా నిలిచిన చల్లపల్లి రాజా, యార్లగడ్డ శివరామ ప్రసాద్, తర్వాతి కాలంలో అమీర్‌పేటలో సారథి స్టూడియో కట్టించారు. మన కాలనీకి కూతవేటు దూరం. ఈ ప్రాంతానికి ఆ వారసత్వం ఉంది.

ఇక నటుడు విజయచందర్. టంగుటూరి ప్రకాశం పంతులు మనవడు. 1978లో 'కరుణామయుడు'లో ఏసుక్రీస్తు, 1986లో షిర్డీ సాయిబాబా, ఇంకా వేమన. ఆయన మతమేమిటని తెలుగు ప్రేక్షకుడు టిక్కెట్టు కొనే ముందు అడగలేదు. అడగని ఆ ప్రేక్షకుడికి మన రచయితలు ఏం తిరిగిచ్చారు? టోపీ, గడ్డం, కళ్లకు సుర్మా పెడితే చాలు, విలన్ తయారు. శ్రీనగర్ కాలనీ ఆఫీసుల్లో కథలు అల్లే తమ్ముళ్లారా, మీ సెట్టు వేసే వడ్రంగుల్లో, మీ లైట్లు మోసేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. కృష్ణానగర్ ఇరుకు గదుల్లో పక్కపక్కనే పడుకుంటారు. వాళ్లలో ఒక ముస్లిం తన పిల్లలతో కలిసి హాల్లో కూర్చుని తలదించుకోవలసిన సీను రాసేముందు ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.

విశ్వాసం ఏం చేయగలదో ఇదే నగరం 2018 ఏప్రిల్‌లో చూసింది. చిలుకూరు బాలాజీ గుడి అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని జియాగూడ రంగనాథుడి గుడిలోకి తీసుకెళ్లారు. శ్రీరంగంలో తిరుప్పాణాళ్వారును లోకసారంగ ముని మోసుకెళ్లాడన్న ముని వాహన గాథను ఆయన తన ఒంటితో మళ్లీ ఆచరించి చూపారు. శాస్త్రం వదులుకోలేదు, శాస్త్రంలోనే న్యాయం వెతికారు. ఆ రంగరాజన్ మీద 2025 ఫిబ్రవరిలో కొందరు ఇంటికే వచ్చి దాడి చేశారు. రాముడి పేరు చెప్పుకునేవాళ్లే. ఖండించిన గొంతులు లేకపోలేదు, కానీ దేవుడి పేరు మీద గుడిపూజారినే కొట్టగలిగిన రోజుల్లో మన మౌనం కూడా ఒక పక్షం కట్టడమేనని గుర్తుంచుకోవాలి.

అందుకే కాలనీవాసులకు నాదొక విన్నపం. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తర్వాతి మీటింగులో లిఫ్టు మరమ్మతు, నీళ్ల ట్యాంకరు లెక్కలతో పాటు ఈ విషయం కూడా పెట్టండి. అద్దెకొచ్చేవాళ్ల మతం, కులం అడగబోమని తీర్మానం రాసి, నోటీసు బోర్డు మీద అంటించండి. మాల వేసుకున్న స్వాములే ముందుగా సంతకం పెట్టండి.