నాలుగంగుళాల గడి

మా అమ్మ చీరలు రెండింటికి చేటు తెచ్చినవాణ్ణి నేను. కత్తెర పట్టింది మా అక్కయ్యే అయినా పట్టించింది నేనే. ఈ మాట పైకి ఒప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

సంగతేమిటంటే, అమెరికాలో వున్న మా మేనకోడలికి యిది ఏడో నెల. అక్కడ యిరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి కూర్చుని గుడ్డముక్కలు అతికి బొంతలు కుడతారుట. ఆ సరదా మా పిల్లకూ అంటింది. "నువ్వు వచ్చేటప్పుడు అమ్మమ్మ చీరలతో బొంత కుట్టి తీసుకురా" అని తల్లికి ఒక నమూనా కాగితం పంపింది. మనవైపు బొంతకు నమూనా ఏమిటి? పాత చీరలు నాలుగైదు మడతలు పరిచి, ముడతలు లేకుండా లాగి, లావు సూదితో వరస పక్కన వరస వేసుకుంటూ పోవడమే. అమ్మ కుడుతూంటే పక్కన కూర్చుని చూడడమే దాని చదువు. అక్కయ్య ఆ కాగితం నా ముందు పడేసి, "ఒరే, కాలేజీలో పాఠాలు చెబుతావు గదా! యిది కాస్త తెలుగులో రాసిపెట్టరా" అన్నది.

రాసిపెట్టాను. బొంత పొడుగు 48 అంగుళాలు, వెడల్పు 36. అందులో చదరాలు 12. చదరానికి తొమ్మిదేసి గళ్లు. మూలలు నాలుగూ, నడిమిదీ ఎరుపు, తక్కినవి పసుపు. వెరసి గళ్లు 108, ఎరుపు 60, పసుపు 48. గడి నాలుగంగుళాలు. ఇంగ్లీషులో ఆ నాలుగంగుళాలకు పక్కన "ఫినిష్డ్" అనే మాట ఒకటి వుంది. అది నాకు వట్టి అలంకారంగా తోచింది. పిల్లలు వ్యాసాల్లో విశేషణాలు గుప్పిస్తే ఎర్రసిరాతో కొట్టేసే చెయ్యి నాది. యిక్కడా కొట్టేసింది.

ఆ మాటకు అర్థం, కుట్టు పూర్తయిన తర్వాత పైకి కనిపించే కొలత అని. ఈ రకం ముక్కల బొంతలో అతుకు దగ్గర ఒక్కొక్క ముక్కలోనూ పావంగుళం గుడ్డ లోపలికి పోతుంది. గడికి యిటు పావు, అటు పావు, మొత్తం అరంగుళం. కుట్టాక నాలుగు వుండాలంటే కత్తిరించవలసింది నాలుగున్నర. అక్కయ్య నేను రాసిన ప్రకారం నాలుగే కత్తిరించింది. అతికేసరికి గడి మూడున్నరకు దిగింది. 12 అంగుళాల చదరం పదిన్నర అయింది. అన్నీ కలిపి, అంచు కుట్టుకు పోయేది కూడా తీసేస్తే పొడుగు 42, వెడల్పు 31½! అడుగు గుడ్డా, మధ్యలో పరిచే పాత దుప్పటీ మాత్రం 48కి 36 లెక్కన కత్తిరించి సిద్ధంగా వున్నాయి.

మళ్లీ కత్తిరించుకోవచ్చు గదా అంటారేమో. ఎర్రది అమ్మ మంగళగిరి చీర, పసుపుది వెంకటగిరిది. ఏళ్ల తరబడి కట్టి, వుతికి, నీడన ఆరేసినవి. కొంగులూ, అంచుల పక్కనా గట్టిగా వున్న మేర వెతికి వెతికి అక్కయ్య ముక్కలు తీసింది. మిగిలింది వేలితో నొక్కితే చిరుగుతుంది. అమ్మ పోయి ఆరేళ్లయింది.

అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ రాత్రి నేనా కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. తప్పు నాదే, సందేహం లేదు. కాని రాసినవాడు కూడా తెలిసినవాళ్ల కోసమే రాశాడనిపించింది. ప్రాణమంతా ఆ ఒక్క విశేషణంలో పెట్టి, దాన్ని మూలన కూర్చోబెట్టాడు. తర్వాత మా మేనకోడలు మరికొన్ని నమూనాలు పంపింది. వాటిలో మంచివి "కత్తిరించే కొలత 4½, కుట్టాక 4" అని రెండు అంకెలూ పక్కపక్కనే వేశాయి. కుట్టుకు ఎంత వదలాలో మొదటి వరసలోనే చెప్పాయి. రంగుల పేర్లకు బదులు మొదటి గుడ్డ, రెండో గుడ్డ అన్నాయి. మన దగ్గర వున్నది ఎరుపే కావాలని ఎక్కడుంది? కాగితం మీది అచ్చుల్ని దాని మీద పెట్టి కత్తిరించుకోవలసిన చోట, ఒక మూల అంగుళం చదరం గీసి, "ముందు దీన్ని కొలిచి చూడండి" అన్నది ఒకటి. అచ్చు వేయడంలో బొమ్మ చిన్నదైతే అక్కడే దొరికిపోతుంది. ముక్కోణాల లెక్క మరీ చిత్రం. రెండు ముక్కోణాలు అతికి నాలుగంగుళాల గడి చేయాలంటే, ఆ ముక్కోణాలు తీసే చదరాలను 4 అంగుళాల 7/8 కొలతతో కత్తిరించాలిట. ఐమూలగా పోయే అతుకు అంత గుడ్డ తింటుంది. యిది చెప్పకపోతే ఎంత తెలివైనదానికీ తోచదు.

అమెరికాలో కాన్సాస్ సిటీ స్టార్ అనే పత్రిక 1928 నుంచి 1961 దాకా బొంతల నమూనాలు అచ్చు వేసింది. వెయ్యికి పైచిలుకు వచ్చాయి. ఆడవాళ్లు కత్తిరించి దాచుకునేవారు. మన వారపత్రికల్లో ధనుర్మాసం ముగ్గుల్ని దాచుకున్నట్టే.

ముగ్గంటే గుర్తొచ్చింది. "11 చుక్కలు, 6 వచ్చే వరకు, సందు చుక్క." చెప్పేది యింతే. నడిమి వరసలో 11 పెట్టి, పైకీ కిందికీ వరసకొకటి తగ్గిస్తూ పోవాలి. ఒక వరస చుక్క పక్క వరస రెండు చుక్కల సందులో పడాలి. వరసకొకటి తగ్గించమన్నాక ఆ 6 దేనికి? ఎక్కడ ఆగాలో చెప్పడానికే కాదు, అది సాక్షి కూడా. 10, 9, 8, 7, 6. అటు అయిదు వరసలు, యిటు అయిదు, నడుమ ఒకటి. చివరి వరసలో ఆరు రాకుండా ఏడో అయిదో వచ్చాయంటే, ఎక్కడో చెయ్యి తప్పింది. 91 చుక్కలూ పెట్టాక, గీత మొదలుపెట్టకముందే, వాకిట్లో వున్న పిల్ల తనంతట తనే తెలుసుకుంటుంది. ఎవర్నీ అడగనక్కర్లేదు. అయినా తప్పితే చీపురు వుండనే వుంది.

కత్తెరకు చీపురు లేదు. అందుకని బొంత నమూనాలో ఆ సాక్షి మరింత ముందుగా రావాలి. నేను రాసిన కాగితంలో ఒక్క వాక్యం వుంటే సరిపోయేది: "తొమ్మిది ముక్కలే కత్తిరించి ఒక చదరం కుట్టండి, అంచు నుంచి అంచుకు 12½ రాకపోతే ఆగిపోండి." అక్కయ్య టేపు పెట్టి చూసేది. 11 వచ్చేది. నష్టం తొమ్మిది ముక్కలతో పోయేది. నేనేమో 108 ముక్కలూ ముందే కత్తిరించి, రంగుల వారీగా దొంతులు పెట్టుకోమని రాశాను. చూడడానికి పొందికగా వుంటుందని!

మర్నాడు ఆదివారం. నాన్నగారి పంచె ఒకటి తీసుకుని అక్కయ్య యింటికి వెళ్లాను. పొడుగులో 6 అంగుళాలు తక్కువ, వెడల్పులో 4½. ఆ తక్కువ నాలుగువైపులా పంచి, తెల్లని అంచు వేస్తే సరిపోతుందని లెక్క కట్టాను. పక్కలకు 2¼ వెడల్పున, పైనా కిందా 3 వెడల్పున. కాగితం అందుకుని అక్కయ్య కళ్లజోడు సవరించుకుంది.

"ఏరా, యిది కత్తిరించే కొలతా, కుట్టాక కొలతా?"

కాగితం వెనక్కి తీసుకుని, పక్కనే పెన్సిలుతో "కత్తిరించేది 2¾, 3½" అని రాశాను. ఆవిడ ఒక పాత గుడ్డ మీద జానెడు పీలిక కత్తిరించి, కుట్టి, టేపు పెట్టి చూసింది. ఆ తర్వాతే పంచె మడత విప్పింది.

బొంత పూర్తయింది. మొన్న ఫోనులో చూపిస్తే మేనకోడలు మురిసిపోయింది. "చుట్టూ ఆ తెల్లంచు భలే వుందమ్మా! నేను పంపిన దాంట్లో అది లేదే, ఎవరి ఆలోచన?" అని అడిగింది.

అక్కయ్య నా వంక చూసి, "మీ మామయ్యదే" అన్నది.