భాష మారడం తేలికే.. అలవాటు మారడమే కష్టం!

‘జావా నేర్చుకోవాలా, పైథానా? ఒకటి నేర్చుకున్నాక కంపెనీ ఇంకోటి అడిగితే?’ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మెట్లెక్కే చాలామంది సందేహం ఇదే. 2025 మార్చిలో వచ్చిన ఓ వార్తలో దీనికి కొంత జవాబు ఉంది. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ను గో భాషలోకి మారుస్తున్నామని, వేగం దాదాపు 10 రెట్లు పెరుగుతుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ పనిని నడిపిస్తున్న ఆండర్స్ హైల్స్‌బర్గ్ సీషార్ప్ రూపకర్త. అయినా తన భాషే కావాలని పట్టుబట్టలేదు. పనికి ఏది నప్పుతుందో చూశారు.

అనుభవం ఉన్నవాళ్లకు భాష ఓ పనిముట్టు. మరి ఫ్రెషర్‌కి?

ఏది మారదు?
వేరియబుల్, లూప్, ఫంక్షన్ల వెనకున్న ఆలోచన అన్నిచోట్లా ఒకటే. హెచ్‌టీటీపీ, ఎస్‌క్యూఎల్, కుకీలు, లాగిన్ భద్రత సూత్రాలూ అంతే. ఇవి గట్టిగా వచ్చినవాళ్లకు కొత్త సింటాక్స్ పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టదు.

ఎక్కడ దెబ్బ తింటాం?
కొటేషన్లలో ఉన్న "10"కి 5 కలపండి. పీహెచ్‌పీ 15 అంటుంది. జావాస్క్రిప్ట్ "105" ఇస్తుంది. పైథాన్ ఎర్రర్ చూపిస్తుంది. ఇది చిన్న తేడా. పెద్దవి సర్వర్‌లో ఉంటాయి. పీహెచ్‌పీ సాధారణంగా ప్రతి రిక్వెస్ట్‌నూ కొత్తగా మొదలుపెట్టి, పని అయ్యాక వేరియబుల్స్ అన్నీ తుడిచేస్తుంది. నోడ్ ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. పాత అలవాటుతో యూజర్ వివరాలను గ్లోబల్ వేరియబుల్‌లో పెడితే ఒకరి సమాచారం మరొకరికి కనిపించొచ్చు. పైగా నోడ్‌లో మన కోడ్ నడిచేది ఒకే ప్రధాన థ్రెడ్‌పై. ఒక పెద్ద లెక్క మొదలైతే మిగతా యూజర్లందరూ ఆగాల్సిందే.

ఏఐ టూల్స్ కోడ్‌ను క్షణాల్లో మరో భాషలోకి మార్చేస్తున్నాయి. ఇలాంటి పొరపాటు అందులో దాగి ఉంటే పట్టుకోవాల్సింది మాత్రం మనమే.

ఏం చేయాలి?
రెజ్యూమెలో ఆరు భాషలు రాస్తే ఆరింటి మీదా ప్రశ్నలు వస్తాయి. ముందు ఒక భాషను లోతుగా నేర్చుకోండి. లాగిన్, డేటాబేస్ ఉన్న చిన్న ప్రాజెక్టు పూర్తిచేయండి. తర్వాత అదే ప్రాజెక్టును రెండో భాషలో మళ్లీ కట్టండి. ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డారో రాసిపెట్టుకోండి. ‘మా దగ్గర వేరే భాష వాడతాం, చేయగలరా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, ‘నేర్చుకుంటాను సార్’ అనే మాటకన్నా ఆ నోట్సే ఎక్కువ పనికొస్తుంది.