కొట్టింది తట్టు, పేరు విరేచనాలకి

"మా చిన్నప్పుడు అందరికీ తట్టు వచ్చింది, వేపాకుల మీద పడుకోబెడితే వారానికల్లా తగ్గింది, దానికి రెండేసి టీకాలెందుకు?" ఈ మాట బాగా చదువుకున్నవాళ్ళు కూడా అంటున్నారు, అదీ నా బాధ. చాలామందికి తగ్గిన మాట నిజమే. తగ్గిన తర్వాత ఏమైందో ఎవరైనా లెక్కపెట్టారా?

తట్టు (అదేనండీ, మీజిల్స్) దద్దుర్లు పోయినంత మాత్రాన వదలదు. తిండి సయించదు, ఒంట్లో విటమిన్ ఎ అడుగంటుతుంది, పేగుల లోపలి పొర దెబ్బతింటుంది. అంతకన్నా పెద్ద నష్టం పైకి కనపడదు. ఈ వైరస్ సరిగ్గా రోగనిరోధక వ్యవస్థలోని జ్ఞాపక కణాల్లోకే దూరి వాటిని చంపుతుంది. ఏ క్రిమితో ఎలా పోరాడాలో ఒళ్ళు అప్పటిదాకా నేర్చుకున్నదంతా... బ్యాకప్ లేని డేటాబేసులో టేబుళ్ళు ఎగిరిపోయినట్టే. నెదర్లాండ్స్‌లో 2013లో టీకాలు వేయించుకోని 77 మంది పిల్లలకి తట్టు రాకముందూ, వచ్చాకా తీసిన రక్తాన్ని పోల్చి చూశారు. వాళ్ళ యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయని 2019లో ప్రకటించారు. అంతకుముందు 2015లో ఇంగ్లండ్, అమెరికా, డెన్మార్క్‌ల మరణాల లెక్కలు తిరగేసినవాళ్ళు ఈ మతిమరుపు ప్రభావం రెండు మూడేళ్ళు ఉంటుందన్నారు.

ఆ లోపల పేదింటి బిడ్డ విరేచనాలతో పోతే రిజిస్టరులో ఏం రాస్తారు? విరేచనాలనే. లాగ్‌లో ఆఖరి లైను చూసి టికెట్ మూసేసే బాపతు!

1983లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఫీచెమ్, కాబ్లిన్స్కీ అని ఇద్దరు దీన్ని లెక్కగట్టారు. తట్టు టీకా వల్ల అయిదేళ్ళలోపు పిల్లల్లో విరేచనాల కేసులు నాలుగు శాతం కూడా తగ్గవు గానీ, విరేచనాల చావులు 6 నుంచి 26 శాతం దాకా తగ్గుతాయని. కేసులు అలాగే ఉండి చావులు తగ్గడమేమిటి? తట్టుతో ముడిపడ్డ విరేచనాలు కొన్నే, కానీ చంపేవి అవే అన్నమాట. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఇదే. తట్టు టీకా ఎన్ని ప్రాణాలు కాపాడిందో తట్టు చావులు మాత్రమే కూడి చెప్పేవాళ్ళు ఈ పద్దు వదిలేస్తున్నారు.

ఇక రెండేసి టీకాల సంగతి. మనదేశంలో రెండో డోసు 2010లో మొదలైంది, 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. తొమ్మిదో నెలలో వేసే మొదటిది వందలో సుమారు 85 మందికే పనిచేస్తుంది. మిగతా 15 మంది ఎవరో ముందు తెలియదు కాబట్టి రెండోది అందరికీ వేస్తారు.