డబ్బా మీది అంకె చూసి టాబ్ కొనొద్దు

పిల్లల తెలుగు తరగతికి టాబ్‌లు కొనాలన్న మాట పోయిన ఆదివారం వచ్చింది కదా. "ఎనిమిది కోర్లు, మంచి తెర, ధర తక్కువ, తీసేద్దాం" అన్నారు చాలామంది. మేము అక్కడ గట్టిగా చెప్పలేకపోయాం. తమిళంలో చదువుకుని, తెలుగు రాత పెద్దయ్యాక పట్టుకున్నవాళ్ళం. తప్పులుంటే సర్దుకోండి.

రైల్వేలో అట్టముక్క టికెట్ల రోజుల్లో తేదీ గుద్దే మిషన్ ఉండేది. నాలుగు కౌంటర్లు తెరిచి మిషన్ ఒక్కటే పెడితే క్యూ కదలదు. టాబ్ లోపలా అంతే. ప్రాసెసర్ లెక్క చేస్తుంది, గ్రాఫిక్స్ భాగం దాన్ని తెర మీద బొమ్మగా వేస్తుంది. ఏ ఒక్కటి మందమైనా, పిల్ల "అ" దిద్దుతుంటే గీత వేలి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది.

2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ గారు విడుదల చేసిన ఆకాశ్ టాబ్ గుర్తుందా? బిగించింది మన హైదరాబాద్‌లోనే. అందులో వీడియోకి, గ్రాఫిక్స్‌కి విడిగా సాయం పెట్టారు. ప్రాసెసర్ మాత్రం 366 మెగాహెర్ట్జ్, ర్యామ్ 256 ఎంబీ, గట్టిగా నొక్కితేగాని పలకని తెర. మరుసటేడు వచ్చిన ఆకాశ్ 2లో ప్రాసెసర్ 1 గిగాహెర్ట్జ్, ర్యామ్ 512 ఎంబీ చేశారు, తెరా మార్చారు. అన్నీ కలిపి పెంచాల్సి వచ్చింది.

ఇప్పటి చిప్పుల్లో హీలియో పీ22టీలో ఎనిమిదీ చిన్న కోర్లే. యునిసాక్ టీ606లో రెండు పెద్దవి, ఆరు చిన్నవి. డబ్బా మీద రెంటికీ "ఆక్టా కోర్" అనే రాస్తారు. తెర సంగతీ చూడండి. 1280×800 అంటే 10 లక్షల చుక్కలు, 1920×1200 అంటే 23 లక్షలు. గ్రాఫిక్స్ భాగం అదే ఉంచి తెర పెంచితే దాని పని రెండింతలు దాటుతుంది.

అందుకే మా మాట: రెండు పెద్ద కోర్లున్న చిప్పు, 4 జీబీ ర్యామ్, 1280×800 తెర చాలు. వత్తులు అంత స్పష్టంగా కనబడవంటారా? నిజమే. అక్షరం సైజు పెంచుకుందాం. ఆగిపోయే టాబ్‌కి మాత్రం అలాంటి మందు లేదు.

ఈ డబ్బు చందాల డబ్బు. ఇచ్చినవాళ్ళలో ఇక్కడి ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళున్నారు. పైగా టాబ్ మందగిస్తే పిల్లలు టాబ్‌ను అనరు, తెలుగే విసుగంటారు. ముందు ఒక్కటే కొని, అక్షరాలు దిద్దే యాప్ వేసి, ఒక పిల్ల చేతికిచ్చి అరగంట చూద్దాం. బాగుంటే మిగతావి తీసుకుందాం. వచ్చే ఆదివారం మీ మాట చెప్పండి.