యాద్గార్‌కి తాళం వేయకండి

సర్ ఫ్రాన్సిస్ చిచెస్టర్ 1966-67లో ‘జిప్సీ మాత్ 4’ అనే చెక్క పడవలో, సిడ్నీలో ఒక్కచోటే ఆగి, ఒంటరిగా దునియా చుట్టొచ్చారు. అప్పటికి ఆయన ఉమ్ర్ 65. ఆ పడవని లండన్‌లోని గ్రీనిచ్‌లో ఇజ్జత్‌గా గట్టుమీద నిలబెట్టారు. 1972లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక కూడా అది ఏళ్లకేళ్లు అక్కడే ఉండిపోయింది. సముద్రాలు ఏమీ చేయలేని చెక్కని ఎండా వానా తినేశాయి. 2005లో మరమ్మత్ చేసి నీళ్లలోకి దింపితేనే మళ్లీ జాన్ వచ్చింది, మళ్లీ దునియా సఫర్‌కి బయల్దేరింది.

హిఫాజత్ అంటే తాళం వేయడం కాదని నా రాయ్. చెక్క పడవకి వాడకమే దవా. కదలకుండా ఎండితే బీటలిస్తుంది, వాననీళ్లు నిలిస్తే కుళ్లుతుంది.

మన ఇళ్లల్లోనూ అంతే. అబ్బాజాన్ వదిలివెళ్లింది పడవైనా, కుట్టుమిషనైనా వారిసులందరికీ అందులో హిస్సా ఉంటుంది. అలాగని పడవని రంపంతో కోసి పంచుకోలేం కదా! అందరి రజామందీతో దాన్ని నడపగలిగే ఒకరికి ఇవ్వండి. ఖీమత్ కట్టి మిగతావాళ్ల హక్ వాళ్లకి చెల్లించండి. ఇంట్లో నడిపేవాళ్లే లేకపోతే, ఖదర్ తెలిసిన బయటివాళ్లకి అమ్మి డబ్బు పంచుకోండి. కానీ ఆ ఫైసలా చెహ్లుమ్ అయ్యేలోపే చేసేయండి. మన తగాదా తీరేదాకా చెక్క ఆగదు.