పదహారేళ్లకు తెరకెక్కిన ఎడారి గోడు - గల్ఫ్ పల్లెలకు ఏం చెబుతోంది?

జగిత్యాల: ఒక నవల సినిమాగా మారడానికి పదహారేళ్లు పట్టింది. మలయాళ రచయిత బెన్యామిన్ 2008లో వెలువరించిన ‘ఆడుజీవితం’ నవల, అదే పేరుతో 2024 మార్చి 28న తెలుగుతో సహా అయిదు భాషల్లో చిత్రంగా విడుదలైన సంగతి పాఠకులకు విదితమే. మలయాళంలో ‘ఆడు’ అంటే మేక. అంటే ఇది మేక బతుకు. కేరళలోని ఆలప్పుజ జిల్లా నుంచి సౌదీ వెళ్లి, ఎడారిలో చిక్కుకుని తిరిగి వచ్చిన ఒక కూలీ చెప్పుకున్న కష్టాల ఆధారంగా బెన్యామిన్ ఈ నవల రాశారు. రచయిత కూడా బహ్రెయిన్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవారే.

ఎక్కడో కేరళ కథ, మనకెందుకని అనుకోవడానికి వీల్లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. ఏ దేశం పోయినా ‘దుబాయి పోయిండు’ అనడం ఇక్కడి వాడుక. ఇంటాయన అక్కడ, ఇంటామె ఇక్కడ బీడీలు చుట్టుకుంటూ పిల్లలను సాకడం, అప్పు మిత్తి కట్టడం అందరికీ తెలిసిన బతుకే. అందుకే ఈ చిత్రం ఎందుకు ఇంత ఆలస్యమైంది, అందులోని విషయం మనకు ఏ మేరకు వర్తిస్తుంది అన్నది ఆలోచించవలసిన అవసరం ఎంతైనా వుంది.

కథ ఏమిటి?

నజీబ్ ఏట్లో ఇసుక తీసే కూలీ. గర్భవతి అయిన భార్యను, తల్లిని వదిలి వీసా కొనుక్కుని రియాద్‌లో దిగుతాడు. తోడు హకీం అనే కుర్రవాడు. విమానాశ్రయంలో తమను తీసుకుపోవలసిన మనిషి రాడు. మరొకడు వచ్చి, పాస్‌పోర్టులు చూసి బండి ఎక్కించుకుంటాడు. భాష రాక, అతడే తమ కఫీల్ అనుకుని వీరు ఎక్కుతారు. బండి నేరుగా ఎడారిలోని మేకల దొడ్డికి పోతుంది. అక్కడ మూడేళ్లకు పైగా జీతం లేదు, స్నానం లేదు, ఉత్తరం లేదు. చివరకు ముగ్గురు కలిసి ఎడారికి అడ్డం పడి పారిపోతారు. రోడ్డు దాకా చేరేది నజీబ్ ఒక్కడే.

పదహారేళ్లు ఎందుకు?

ఈ నవలను తెరకెక్కించాలని దర్శకుడు బ్లెస్సీ సంకల్పించింది 2008-09 ప్రాంతంలోనే. కథానాయకుడిగా పృథ్వీరాజ్‌ను అప్పుడే అనుకున్నారు. అయితే మలయాళ చిత్రాల మార్కెట్టు చిన్నది. ఎడారి, ఒంటెలు, వందలాది మేకలు, విదేశీ నటులు అవసరమయ్యే ఈ చిత్రానికి అంత పెట్టుబడి పెట్టడానికి నిర్మాతలు వెనుకాడారు. ఏళ్ల తరబడి నిర్మాత కోసం వెతుకులాటే సరిపోయింది. చివరకు బ్లెస్సీ స్వయంగా నిర్మాణ భాగస్వామి కావలసి వచ్చింది.

ఈలోగా గల్ఫ్ వలసపై మలయాళంలోనే వేరే చిత్రాలు వచ్చాయి. సౌదీలో ఇంటిపనికి వెళ్లిన స్త్రీ కథగా ‘గద్దామ’ 2011లో, మమ్ముట్టి నటించిన ‘పత్తేమారి’ 2015లో వెలువడ్డాయి. తెలుగులో సునీల్ కుమార్ రెడ్డి దర్శకత్వంలో ‘గల్ఫ్’ 2017లో వచ్చింది. ‘ఆడుజీవితం’ షూటింగు మాత్రం 2018లో కేరళలో మొదలైంది.

కథ జరిగేది సౌదీలో. కాని సౌదీలో 2018 దాకా సినిమా హాళ్లే మూతబడి వున్నాయి. ఎడారి దృశ్యాలను జోర్డాన్‌లోని వాదీరమ్‌లోను, అల్జీరియాలోని సహారాలోను తీశారు. కథానాయకుడు ముందు బరువు పెరిగి, తరువాత 30 కిలోలకు పైగా తగ్గవలసి వచ్చింది. అన్నం మానిన మనిషిని మేకప్పుతో చూపించడం ఇష్టం లేకపోవడమే ఇందుకు కారణం. ఇలా షూటింగు విడతలు విడతలుగా 2022 జూలై దాకా సాగింది. సంగీతం ఎ.ఆర్. రహమాన్. ఎడిటింగు చేసిన శ్రీకర్ ప్రసాద్ మన తెలుగువాడే, ఎల్.వి. ప్రసాద్ సోదరుని కుమారుడు.

ఎడారిలో చిక్కిన సినిమా వారు

అన్నిటికంటె విచిత్రమైనది 2020 నాటి ఉదంతం. ఆ ఏడాది మార్చిలో కరోనా కారణంగా జోర్డాన్‌లో కర్ఫ్యూ విధించారు. దర్శకుడు, నటుడితో సహా 58 మంది వాదీరమ్ ఎడారిలో నిలిచిపోయారు. షూటింగు ఆగింది. విమానాలు లేవు. వీసా గడువు దాటిపోతుందన్న భయం పట్టుకుంది. ఎడారిలో చిక్కిన మనిషి కథ తీయబోయినవారే ఎడారిలో చిక్కారు.

అయితే తేడా గమనార్హం. దర్శకుడు కేరళ ఫిలిం చాంబరుకు లేఖ పంపగానే విషయం ముఖ్యమంత్రి కార్యాలయం దాకా వెళ్లింది. పత్రికలు రాశాయి. మే 22న ప్రత్యేక విమానంలో అందరూ కొచ్చిలో దిగారు. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. వారికి పేర్లున్నాయి, వారెక్కడ వున్నారో ప్రపంచానికి తెలుసు. నజీబ్‌కు లేనిది సరిగ్గా అదే. మన పల్లెల నుంచి పోయి ఏ దొడ్డిలోనో చిక్కినవానికి లేనిది కూడా అదే.

కాగితమే కాపాడింది

నజీబ్ చివరకు పోలీసులకు లొంగిపోయి జైలులో చేరుతాడు. పారిపోయిన పనివాళ్లను గుర్తు పట్టి తీసుకుపోవడానికి కఫీళ్లు జైలుకు వస్తుంటారు. మేకల దొడ్డి యజమానీ వస్తాడు. నజీబ్‌ను గుర్తు పట్టీ వదిలి వెళ్లిపోతాడు. కారణం దయ కాదు. నజీబ్ అతని వీసాపై వచ్చినవాడు కాదు. కాగితం ప్రకారం అతనికి హక్కు లేదు.

గల్ఫ్ పోయివచ్చిన వారికి ఇందులోని అర్థం వెంటనే తెలుస్తుంది. కఫీల్ ఒకడు, పని మరొకని దగ్గర అయితే ‘ఖల్లివెల్లి’ కింద లెక్క. ఇఖామా వుండదు, దవాఖానాకు పోలేరు, జీతం అడగలేరు. ‘ఆజాద్ వీసా’ అని ఏజెంట్లు ఊళ్లలో అమ్మేది చాలాసార్లు ఈ చిక్కులోకే దారి తీస్తుంది. నజీబ్‌ను కాగితం కాపాడింది. అందరికీ అలా జరుగదు.

సౌదీ ప్రభుత్వం 2021 మార్చిలో కార్మిక నిబంధనలను సడలించింది. యజమాని అనుమతి లేకుండా పని మారడానికి, దేశం విడిచి పోవడానికి ప్రైవేటు రంగ కార్మికులకు వీలు కల్పించింది. కాని ఇంటిపనివారు, ఇళ్లలో డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెలు మేకలు కాచేవారు ఆ సడలింపు పరిధిలోకి రాలేదు. అంటే నజీబ్ చేసిన పనికే ఆ మేలు అందలేదన్నమాట.

చట్టం వున్నా...

1983 నాటి వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసు కాని వారు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనుమతి తీసుకోవాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనూ వుంది. ఇలా పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా కింద ప్రమాదంలో మరణిస్తే రూ.10 లక్షలు వస్తాయి. 2017లో సవరించిన ప్రకారం రెండేళ్లకు ప్రీమియం రూ.275 మాత్రమే. విజిట్ వీసాపై పోయినవారికి ఇవేవీ వర్తించవు. పేరు ఎక్కడా నమోదు కాదు. లక్షల్లో అప్పు చేసి ఏజెంటు చేతిలో పెట్టినవారు మూడు వందల లోపు ప్రీమియంకు నోచుకోకపోవడం విచారకరం.

కేరళ ప్రభుత్వం ప్రవాసుల కోసం 1996లోనే ప్రత్యేక శాఖను, 2002లో ‘నోర్కా రూట్స్’ సంస్థను ఏర్పాటు చేసింది. గల్ఫ్ బోర్డు కావాలని మన దగ్గర కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి కోరుతూ వచ్చాయి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల సాయం ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు జారీ చేయడం హర్షణీయం. అయితే అది చనిపోయినవారి సంగతి. బతికి చిక్కుపడినవాడిని ఎవరు వెతకాలన్నది వేరే ప్రశ్న. నజీబ్ భార్యకు మూడేళ్లు ఉత్తరం రాకపోయినా ఎక్కడ అడగాలో తెలియలేదు. మన ఊళ్లలో ఫోన్లు వచ్చాక కూడా, ఫోను బందయితే అడగవలసిన చోటు తెలియని ఇండ్లు వున్నాయి.

పంచాయతీలో ఒక పుస్తకం

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ప్రతి గ్రామ పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టి, ఎవరు ఏ దేశం పోయారు, ఏ ఏజెంటు పంపాడు, కఫీల్ ఎవరు, పాస్‌పోర్టు నెంబరు ఎంత అన్నది రాసి వుంచితే చాలు. పోయే మనిషి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో వుంచి పోవాలి. విమానం దిగాక ఎవరి బండి ఎక్కుతున్నాడో ఇంటికి ఒక్క ఫోను చేయాలి. మూడు నెలలు మాట లేకపోతే పంచాయతీ కార్యదర్శి ఆ వివరాలు జిల్లా కలెక్టరుకు పంపాలి. అక్కడి నుంచి రాయబార కార్యాలయానికి పోవడానికి దారి దొరుకుతుంది.

ఆ కేరళ కూలీ ఏళ్ల తరబడి ఎడారిలో గడిపాడు. ఆయన గోడు తెర మీదికి రావడానికి దాదాపు ముప్పయ్యేళ్లు పట్టింది. ఆయనకు వినే రచయిత ఒకరు దొరికారు, పట్టు వదలని దర్శకుడు ఒకరు దొరికారు. మన జిల్లాల నుంచి పోయినవారందరికీ రచయితలు, దర్శకులు దొరకరు. కనీసం పంచాయతీ పుస్తకంలో ఒక వరుస దొరికేలా అధికారులు, ప్రజాప్రతినిధులు వెంటనే శ్రద్ధ వహించాలి.